యాభై ఏళ్లు దాటిన ‘ది వరల్డ్ ఎట్ వార్’: ఎంతవరకు నమ్మవచ్చు?

ఈ వేసవిలో రోజుకొక ఎపిసోడ్ చొప్పున 26 రాత్రులు కూర్చుని ‘ది వరల్డ్ ఎట్ వార్’ను మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చూశాను. డిగ్రీ కళాశాలలో చరిత్ర పాఠాలు చెప్పిన రోజుల్లో ఇందులోని కొన్ని భాగాలను విద్యార్థులకు చూపించేవాణ్ణి. అప్పట్లో గంట కొట్టేలోగా ఎంత చూపించగలమన్న తొందరే తప్ప, తెరమీద కనబడేది ఎంతవరకు నిజమని నిలదీసే తీరిక ఉండేది కాదు. ఇప్పుడు రిమోటు నా చేతిలో ఉంది, అనుమానం వచ్చిన చోట వెనక్కి తిప్పి చూసే ఓపికా ఉంది. అందువల్ల ఈ సమీక్షను ఒక్క ప్రశ్నకే పరిమితం చేస్తున్నాను: రెండవ ప్రపంచ యుద్ధాన్ని నడిపిన నాయకుల గురించి టెలివిజన్ డాక్యుమెంటరీలు చెప్పేదాన్ని, వాటిలో పెద్దదిగా పేరుపొందిన ఈ ధారావాహిక చెప్పేదాన్ని, చరిత్రగా ఎంతవరకు స్వీకరించవచ్చు?

బ్రిటన్‌కు చెందిన థేమ్స్ టెలివిజన్ దీన్ని నిర్మించింది. ప్రసారం 1973 అక్టోబరు 31న మొదలై 1974 మే 8న ముగిసింది. జెరెమీ ఐజాక్స్ నిర్మాత, లారెన్స్ ఒలివియర్ వ్యాఖ్యాత, కార్ల్ డేవిస్ సంగీతం. నాలుగేళ్ల పని, సుమారు 9 లక్షల పౌండ్ల ఖర్చు. ఆనాటి బ్రిటిష్ టెలివిజన్‌లో ఒక డాక్యుమెంటరీ ధారావాహికకు అంత డబ్బు పెట్టడం అంతకుముందు లేదు. ఇంపీరియల్ వార్ మ్యూజియం డైరెక్టరుగా ఉన్న నోబుల్ ఫ్రాంక్లండ్‌ను సంప్రదించి, తప్పకుండా చెప్పవలసిన 15 ప్రధాన సైనిక పోరాటాలను ఆయన చేత ఎంపిక చేయించి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఎపిసోడ్ కేటాయించి, మిగిలిన 11 ఎపిసోడ్‌లను నాజీల అధికారారోహణం, ఆక్రమిత దేశాల బతుకు, యూదుల సంహారం, ఇళ్లలో ఉండిపోయిన జనం వంటి విషయాలకు ఇచ్చారు. ఈ పంపకం వల్ల ఒక మేలు జరిగింది. హిట్లర్‌కు ఒక ఎపిసోడ్, చర్చిల్‌కు ఒక ఎపిసోడ్ అంటూ ఇందులో లేవు. నాయకుడు యుద్ధకథలోకి వచ్చి, తన పని చేసి, పక్కకు తప్పుకుంటాడు. మొదటి ఎపిసోడ్ కూడా ఏ నాయకుడి ముఖంతోనూ మొదలు కాదు. 1944 జూన్ 10న జర్మన్ సైనికులు 640 మందికి పైగా జనాన్ని చంపి తగలబెట్టిన ఒరడూర్ అనే ఫ్రెంచి గ్రామం పాడుబడ్డ గోడలతో మొదలవుతుంది. ఆ నిశ్శబ్దం నుంచి వచ్చి హిట్లర్ సభలు చూసినప్పుడు, ఆ జేజేలు వేరుగా వినబడతాయి.

సాక్షుల ఎంపికలో ఐజాక్స్ పాటించిన పద్ధతి ఈ ధారావాహికకు వెన్నెముక. పేరుమోసిన వారికన్నా వారి పక్కన నిలబడినవారికి, అంటే కార్యదర్శులకు, సహాయకులకు, ఆంతరంగికులకు ప్రాధాన్యం ఇవ్వాలని ఆయన నిర్ణయించుకున్నారు. ఇందులో మంచి లెక్క ఉంది. పెద్దల జ్ఞాపకాలు అప్పటికే పుస్తకాలుగా అచ్చయి, నలుగురిలో పదేపదే చెప్పగా నున్నబడి ఉంటాయి. ఫైలు పట్టుకుని గది మూలన నిలబడినవాడి జ్ఞాపకానికి ఇంకా గరుకుదనం మిగిలి ఉంటుంది. బెర్లిన్ బంకరులో హిట్లర్ తన చివరి వీలునామా చెబుతుంటే రాసుకున్న కార్యదర్శి ట్రాడ్‌ల్ యుంగె అలాంటి సాక్షి. అయితే అందరికన్నా కష్టపడి పట్టుకున్న సాక్షి, నాజీల సాయుధ దళమైన ఎస్‌ఎస్‌కు అధిపతి హిమ్లర్ దగ్గర సహాయాధికారిగా ఉన్న కార్ల్ వోల్ఫ్. 1941 ఆగస్టులో మిన్‌స్క్ దగ్గర హిమ్లర్ ఎదుట జరిగిన సామూహిక కాల్చివేతను తాను చూశానని, ఆ దృశ్యానికి హిమ్లర్ ముఖం పాలిపోయిందని అతడు కెమెరా ముందు చెబుతాడు. ఆ కొద్ది నిమిషాలను నేను మూడుసార్లు తిప్పి చూశాను. అతడి గొంతులో తడబాటు లేదు. తన పై అధికారి ఒకరోజు బయటికి వెళ్లి అస్వస్థుడయ్యాడని చెప్పే ఉద్యోగి తీరే ఉంది. ఎస్‌ఎస్ నాయకత్వం గురించి వంద పుటల వ్యాఖ్యానం చెప్పలేనిది ఆ తీరు చెబుతుంది.

కానీ చరిత్ర విద్యార్థి ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఇదే వోల్ఫ్‌కు యూదులను ట్రెబ్లింకా మరణశిబిరానికి తరలించిన నేరంలో భాగస్వామి అని 1964లో మ్యూనిచ్ కోర్టు 15 ఏళ్ల శిక్ష వేసింది. ఈ ధారావాహిక కోసం అతడు మాట్లాడే నాటికి హిమ్లర్ చనిపోయి దాదాపు మూడు దశాబ్దాలు. చనిపోయిన యజమాని గురించి, బతికున్న ముద్దాయి ఇచ్చే సాక్ష్యాన్ని కోర్టులో ఎలా తూకం వేస్తారో, టీవీ ముందు కూర్చున్నవారూ అలాగే తూకం వేయవలసి ఉంటుంది. తెర కింద పడే పేరూ హోదా అందుకు చాలవు. ఈ ధారావాహికలో చరిత్రకారులు కూర్చుని సాక్షుల మాటను సరిచేసే సందర్భాలు చాలా అరుదు. సాక్షి మాట, పాత ఫిల్ము, ఒలివియర్ గొంతు, ఈ మూడింటి మధ్యనే అంతా నడుస్తుంది. చూడటానికి ఇది గొప్ప శైలి; నిర్ధారణకు మాత్రం చోటు తగ్గిపోయింది.

ఆల్బర్ట్ స్పీర్ విషయంలో ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. హిట్లర్ వాస్తుశిల్పిగా మొదలై, 1942 నుంచి ఆయుధోత్పత్తి మంత్రిగా పనిచేసి, న్యూరెంబర్గ్ యుద్ధనేరాల విచారణలో 20 ఏళ్ల శిక్ష పడి, 1966లో స్పాండౌ జైలు నుంచి విడుదలైన స్పీర్ ఈ ధారావాహికలో పదేపదే కనబడతాడు. మర్యాదస్తుడు, చదువుకున్నవాడు, తప్పు ఒప్పుకున్నట్టే మాట్లాడేవాడు. చూసేవారికి అతడి మీద నమ్మకం కలగక తప్పదు, నాకూ తరగతి గదిలో కలిగింది. యూదులను చంపేస్తున్న సంగతి తనకు తెలియదని స్పీర్ జీవితాంతం బహిరంగంగా చెబుతూ వచ్చాడు. 1943 అక్టోబరు 6న పోజెన్‌లో హిమ్లర్ ఆ సంగతిని బాహాటంగా ప్రకటించినప్పుడు తాను అక్కడే ఉన్నానని ఒప్పుకుంటూ, బెల్జియం ప్రతిఘటన ఉద్యమ నాయకుడి భార్యకు 1971 డిసెంబరులో అతడు రాసిన లేఖ 2007లో బయటపడింది. అంటే ఈ ధారావాహిక ప్రసారమయ్యే నాటికే ఆ ఉత్తరం ఒకరి ఇంట్లో ఉంది. ఐజాక్స్ బృందం దాన్ని చూసే అవకాశం లేదు గనుక ఇది వారి తప్పు కాదు. అయినా ఈనాడు డిస్కు పెట్టుకుని చూసే మనకు, స్పీర్ హిట్లర్ గురించి చెప్పే ప్రతి మాట పక్కనా ఆ లేఖ కనబడాలి.

ఇలాంటి మరొక ఖాళీకి కారణం రాజ్యరహస్యం. జర్మన్ల ఎనిగ్మా యంత్రపు రహస్య సంకేతాలను బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్కులో ఛేదించి చర్చిల్‌కు రోజూ అందించిన సంగతి ప్రజలకు విస్తృతంగా తెలిసింది 1974లో, ఈ ధారావాహిక చివరి ఎపిసోడ్ ముగిసిన తరువాత. అందుచేత అట్లాంటిక్‌లో జలాంతర్గాముల పోరును చెప్పే ఎపిసోడ్‌లో నౌకలు, విమానాలు, రాడార్, నావికుల తెగువ అన్నీ ఉంటాయి గాని, నౌకల బారులను ఏ దారిన మళ్లించాలో చెప్పిన ఆ రహస్య కాగితాలు ఉండవు. చర్చిల్ తీసుకున్న ఎన్నో నిర్ణయాలు ఈ కారణంగా ఉత్త సాహసంగానో, ఉత్త ఊహగానో కనబడతాయి.

ఇందులో ఇంకొక తమాషా ఉంది. రహస్యం బయటపడిన తరువాత వచ్చిన డాక్యుమెంటరీలన్నీ దీనికన్నా నిజమైనవని అనుకోవడానికి వీల్లేదు. ఆ 1974 వెల్లడిలోనే, 1940 నవంబరు 14న కోవెంట్రీ మీద బాంబుదాడి జరగబోతోందని చర్చిల్‌కు ముందే తెలిసినా, రహస్యాన్ని కాపాడుకోవడానికి నగరాన్ని కాలిపోనిచ్చాడన్న కథ కూడా పుట్టింది. ఆ రాత్రి లక్ష్యం కోవెంట్రీ అని ఆయనకు ముందుగా స్పష్టంగా తెలియదని తరువాత రికార్డులు పరిశీలించిన చరిత్రకారులు తేల్చారు. అయినా ఆ కథ టీవీని వదిలిపెట్టలేదు. నగరం కాలుతున్న దృశ్యం, కిటికీ దగ్గర చుట్టతో నిలబడిన ప్రధాని, విషాద సంగీతం కలిస్తే దాన్ని వదులుకోవడం ఏ నిర్మాతకైనా కష్టమే.

ఇంతకీ డాక్యుమెంటరీల్లో అసలు చిక్కు వ్యాఖ్యానంలో తప్పు తేదీ పడటం వల్ల వచ్చేది కాదు. దాన్ని ఎవరైనా పట్టుకుంటారు. వేర్వేరు రోజుల బొమ్మను, గొంతును ఒక్క క్షణానివే అన్నట్టు అతికించినప్పుడు మాత్రం పట్టుకోవడం కష్టం. ఆమధ్య ఒక ఛానెల్‌లో చర్చిల్ మీద వచ్చిన కార్యక్రమం చూస్తూ కూర్చున్నాను. ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ తీరాన సైనికులు నీళ్లలో నడిచి పడవలెక్కుతుంటే, తీరాల మీద పోరాడతామన్న చర్చిల్ ప్రసంగం ఆయన గొంతులోనే గంభీరంగా వినిపించింది. పక్కన కూర్చున్న మా మనవడు, “తాతయ్యా, అప్పుడు రేడియోలో ఇలాగే వినిపించిందా?” అని అడిగాడు. వినిపించలేదు. ఆ ప్రసంగం 1940 జూన్ 4న బ్రిటిష్ పార్లమెంటులోని కామన్స్ సభలో చేసినది. అక్కడ మైకులు లేవు, రికార్డింగు లేదు. ఆ సాయంత్రం అందులోని భాగాలను బీబీసీ వార్తల్లో చదివి వినిపించారు. మనం ఇప్పుడు వినే గొంతు 1949లో, యుద్ధం ముగిసిన నాలుగేళ్లకు, చర్చిల్ మళ్లీ చదివి రికార్డు చేసినది. జూన్ 18 నాటి ప్రసంగాన్ని మాత్రం ఆయన అదే సాయంత్రం రేడియోలో చదివారు. ఒకటి రేడియోలో వచ్చింది, మరొకటి రాలేదు. టీవీలో రెండూ ఒకేలా వినిపిస్తాయి. 3,38,000 మందికి పైగా సైనికులు తప్పించుకున్న ఆ రోజుల్లో జనం ప్రధాని గొంతు విని ధైర్యం తెచ్చుకున్నారన్న అభిప్రాయానికి ఈ అతుకు కొంత కారణం.

స్టాలిన్ విషయంలో అతుకు వేసినది టీవీవారు కాదు, స్టాలినే. 1941 నవంబరు 7న, జర్మన్లు మాస్కో ముంగిట ఉండగా, రెడ్ స్క్వేర్‌లో సైనిక కవాతు జరిగింది. సమయాన్ని రహస్యంగా ఉంచి ముందుకు జరపడంతో శబ్దాన్ని రికార్డు చేసే బృందం అందుకోలేకపోయింది. తరువాత క్రెమ్లిన్ లోపలి మందిరంలో లెనిన్ సమాధి వేదికను చెక్కతో కట్టించి, స్టాలిన్ చేత ఆ ప్రసంగాన్ని మళ్లీ చేయించి చిత్రీకరించారు. ఆ ఫిల్మును ఎక్కడ చూసినా ఒక్కసారి ఆపి దగ్గరగా చూడండి. బయట కవాతు చేసే సైనికుల మీద మంచు కురుస్తూ ఉంటుంది. మాట్లాడుతున్న స్టాలిన్ నోటి నుంచి మాత్రం ఆవిరి రాదు. మాస్కోలో నవంబరు ఉదయం, ఆరుబయట, అంతసేపు మాట్లాడే మనిషి ఊపిరి కనబడకపోవడం ఎలా సాధ్యం? ప్రసంగం ఆ రోజు జరిగిన మాట నిజం, మనకు కనబడే ప్రసంగం ఆ రోజుది కాదు. ఈ రెండు ముక్కలు వ్యాఖ్యానంలో కలపడానికి పది సెకన్లు పట్టదు, కలిపినవారు నాకు అరుదుగా కనబడ్డారు.

హిట్లర్‌కు జరిగినది దీనికి తిరగబడ్డ కథ. 1940 జూన్‌లో ఫ్రాన్స్ లొంగిపోయినప్పుడు అతడు ఆనందంతో చిందులేసినట్టు కనిపించే ముక్క, నిజానికి ఒక్కసారి కాలెత్తి నేలకు తాటించిన క్షణం. మిత్రపక్షాల ప్రచారకులు ఆ ఫ్రేములను మళ్లీ మళ్లీ అతికించి నాట్యం చేయించారు. శత్రువును గేలి చేయడానికి యుద్ధకాలంలో చేసిన పని అది. ఏడెనిమిది దశాబ్దాల తరువాత దాన్ని వాస్తవంగా చూపడానికి అలాంటి సాకు లేదు. హిట్లర్ గొంతు సంగతీ ఇంతే. సభల్లో అరిచే గొంతే అందరికీ తెలుసు. 1942 జూన్ 4న ఫిన్లాండ్‌లో ఆ దేశ సేనాధిపతి మానర్‌హైమ్‌తో మాట్లాడుతుండగా ఫిన్నిష్ రేడియో ఇంజనీరు రహస్యంగా రికార్డు చేసిన సుమారు 11 నిమిషాల సంభాషణలో అతడి గొంతు తగ్గుస్థాయిలో, ఓపికగా, వివరించి చెబుతున్నట్టు ఉంటుంది. కార్యాలయ గదిలో సేనాధిపతులు విన్నది అరుపు ఒక్కటే కాదని గ్రహించడానికి ఆ 11 నిమిషాలు చాలు. నడవలేని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వాడిన చక్రాల కుర్చీ న్యూస్‌రీళ్లలో దాదాపు కనబడదు గనుక, ఫిల్మును నమ్ముకున్న డాక్యుమెంటరీలో ఆయన ఎప్పుడూ నిలబడో, కారులో కూర్చునో ఉంటారు.

ఈ కొలతలతో చూసినప్పుడు ‘ది వరల్డ్ ఎట్ వార్’ చాలావరకు నిలబడుతుంది. సహ నిర్మాతగా ఉన్న జెరోమ్ క్యూల్ పాత ఫిల్మును తప్పుడు సందర్భానికి వాడటాన్ని తరువాత కూడా జీవితాంతం వేలెత్తి చూపిన మనిషి, ఆ పట్టుదల ఫలితం తెరమీద తెలుస్తుంది. ఎక్కడి దృశ్యమో ఎక్కడో పెట్టి గడుపుకునే అలవాటు ఇందులో తక్కువ. నటులతో పునఃసృష్టించిన గదులు లేవు. అయినా పూర్తిగా పవిత్రం అనలేము. యుద్ధరంగంలో తీసిన ఫిల్ములో అధికభాగం మూగది. ట్యాంకు గొలుసుల చప్పుడు, ఫిరంగి మోత, బూట్ల అడుగులు స్టూడియోలో చేర్చినవే. మూగచిత్రంగా చూపిస్తే ఎవరూ కూర్చుని చూడరన్నది నిజమే గాని, శబ్దం చేర్చిన సంగతి ఎపిసోడ్ చివర ఒక్క వాక్యంలోనైనా చెప్పి ఉంటే బాగుండేది.

కెమెరా వెళ్లని చోట్ల సంగతి మరింత కష్టం. 1940 మే 26 నుంచి 28 వరకు లండన్‌లో యుద్ధ మంత్రివర్గం మూసిన తలుపుల వెనుక, ఇటలీ మధ్యవర్తిత్వంతో సంధి అవకాశం వెతకాలా అని వాదించుకుంది. విదేశాంగమంత్రి హాలిఫాక్స్ వెతకాలన్నారు, చర్చిల్ వద్దన్నారు. ఒంటరిగా పోరాడాలా వద్దా అన్న ప్రశ్న మంత్రివర్గం ఎజెండాకే రాలేదని చర్చిల్ తన యుద్ధ స్మృతుల్లో రాసుకున్నారు. 1970ల మొదట్లో తెరిచిన మంత్రివర్గ కాగితాలు వేరే మాట చెప్పాయి. దీనికి బొమ్మ లేదు కాబట్టి, డాక్యుమెంటరీల్లో చర్చిల్ సంకల్పం మొదటి రోజు నుంచీ కొండలా కదలకుండా ఉంటుంది. గదిలో ఎదురు వాదించిన మనిషి మాయమవుతాడు. ఎదురువాదాన్ని గెలిచి నిలబడిన సంకల్పం అంతకన్నా పెద్దదని వారికి ఎందుకు తోచదో నాకు అర్థం కాదు.

1943 బెంగాల్ కరవు కూడా అలాంటిదే. 1945లో విచారణ సంఘం మృతుల సంఖ్యను సుమారు 15 లక్షలుగా అంచనా వేసింది. తరువాతి పరిశోధకుల అంచనాలు 30 లక్షల దాకా వెళ్లాయి. బర్మా జపాన్ వశమవడంతో ఆగిన బియ్యం, మిద్నాపూర్ తుపాను, జపాన్ చేతికి చిక్కకూడదని తీరప్రాంతంలో పడవలను స్వాధీనం చేసుకున్న విధానం, ఓడలు కేటాయించడానికి లండన్ చూపిన విముఖత, అన్నీ ఇందులో ఉన్నాయి. చర్చిల్‌ను వీరుడిగా చూపే కార్యక్రమాలు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి, లేదా ఆ వాక్యం కూడా ఉండదు. ఆయన్ను దోషిగా నిలబెట్టే కార్యక్రమాలు, 1944 ఏప్రిల్ చివర ఆస్ట్రేలియా గోధుమల కోసం ఓడలు ఇప్పించమని ఆయన రూజ్‌వెల్ట్‌ను అడిగిన ఉత్తరాన్ని దాటేస్తాయి. ఆ ఉత్తరం వచ్చేసరికి లక్షలమంది చనిపోయారు, రూజ్‌వెల్ట్ ఓడలు ఇవ్వలేదు. ఈ రెండు ముక్కలూ చెప్పినా చర్చిల్ బాధ్యత తేలిక కాదు, కాకపోతే కథ అంత సూటిగా నడవదు. చలనచిత్రాలు తక్కువగా ఉన్నందువల్ల ఇక్కడ దర్శకులు ‘స్టేట్స్‌మన్’ పత్రిక 1943 ఆగస్టులో ధైర్యంగా అచ్చువేసిన నిశ్చల ఛాయాచిత్రాల మీదే ఆధారపడవలసి వస్తుంది. ఇక 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేసిన సంగతిని ఏ యుద్ధ డాక్యుమెంటరీలోనూ నేను ఇంతవరకు చూడలేదు. బర్మా మీద ఉన్న ఎపిసోడ్‌ను ఆ ఆశతో చూసేవారు నిరాశపడతారేమో గాని, అడవిలో మరిచిపోయిన సైన్యం కథను అంత నిబ్బరంగా చెప్పిన గంట మరొకటి దొరకడం కష్టం.

చివరగా కొనదలచుకున్నవారికి ఒక మాట. ఈ ధారావాహికను 2010లో శుభ్రపరచి బ్లూరేలో విడుదల చేశారు. గీతలు, మచ్చలు పోయాయి, శబ్దం తేటపడింది. కానీ ఈనాటి వెడల్పాటి టీవీలకు సరిపోవాలని 4:3 నిష్పత్తిలో ఉన్న చిత్రాన్ని పైనా కిందా కోసి 16:9 చేశారు. లెక్క చూస్తే ప్రతి ఫ్రేములో నాలుగో వంతు పోయినట్టే. దస్తావేజు అంచులు కత్తిరించి చట్రంలో బిగించడం లాంటి పని ఇది. ఫిల్ము విశ్వసనీయత గురించి అంత పట్టింపుతో తీసిన ధారావాహికకు ఈ గతి పట్టడం నాకు మింగుడుపడలేదు. నా దగ్గరున్న పాత డీవీడీ సెట్టులో బొమ్మ కొంచెం మసక, రెండువైపులా నల్లని పట్టీలు, అయినా కెమెరా చూసినంతా ఉంది. తెలుగు ఉపశీర్షికలు లేవు; ఒలివియర్ ఉచ్చారణ మొదటి రెండు ఎపిసోడ్‌ల తరువాత అలవాటవుతుంది. కొనేముందు పెట్టె వెనక 4:3 అని ఉందో లేదో చూసుకోండి.